తమ్ముడి పేరు మీద

"ఈ చారులో ఏటి కలిపావే?"

కోడలు భ్రమరాంబ పొయ్యి ముందు నుంచి లేవలేదు. చేతిలో గరిటె మాత్రం ఆగింది.

"ఉలవలే అత్తా. నిన్న నువ్వే కదా ఏరి ఇచ్చినావు."

"ఏరింది నానే. పైన పచ్చగా తేలుతున్నదేటి?"

"కొత్తిమీర."

గిన్నె కిటికీ దగ్గరికి తీసుకెళ్లి చూశాను. వేలు ముంచి నాలుక మీద పెట్టుకున్నాను. కొత్తిమీరే. అయినా నా మనసు ఒప్పుకోలేదు. కొత్తిమీర వాసన కింద ఏదైనా దాగుతుంది.

లోపలి గదిలో మంచం కోళ్లు టకటకమని కొట్టుకుంటున్నాయి. నా పెద్దకొడుకు భీమారావుకి చలి మళ్లీ మొదలైంది. రెండు దుప్పట్లు, దాని మీద నా పాత కోకలు నాలుగు మడతలు వేసి కప్పాను. పైన పడుకుని అదిమినా ఆగని వణుకు అది. మూడు రోజుల నుంచి రోజూ పొద్దున్న ఇదే వేళకి వస్తోంది.

హోలీకి వారం ముందు వాడి ఎడమ పక్క కోసి, చింతగింజంత రాయి తీశారు. జానెడు కోత. రెండు నెలలు బాగానే తిరిగాడు. ఆ తర్వాత మూత్రంలో నెత్తురు చార పడింది. తర్వాత నడుములో పోటు. వాడూ పెళ్లామూ ఉండేది బీర్‌గావ్‌లో, ఇనుప ఫ్యాక్టరీ పక్కన అద్దె గదిలో. అక్కడి డాక్టరు మలేరియా అని గోళీలు మింగించాడు. వినాయక చవితి వెళ్లిన నాలుగో రోజున, నిలబడలేక, ఇద్దరూ రైల్వే వ్యాగన్ల వర్క్‌షాపు వాళ్ల డబ్ల్యూఆర్ఎస్ కాలనీలో ఉన్న మా క్వార్టరుకి వచ్చేశారు.

రాయి పోయింది కదా. మరి ఈ జ్వరం ఎక్కడిది? పోయింది రాయే గాని దాన్ని కనిపెట్టుకుని ఉన్నది ఏదో ఇంకా లోపలే ఉంది. నాకు అలాగే అనిపించేది. నేను మొదట బీర్‌గావ్ నీళ్లను అనుమానించాను. తర్వాత మలేరియా గోళీలను. తర్వాత, చెప్పడానికేం, భ్రమరాంబను.

ఆ పిల్లది ఖరగ్‌పూర్. పెళ్లయి రెండేళ్లయినా నా ముందు నోరు విప్పి నాలుగు మాటలు మాట్లాడదు. అలాంటిది మా పక్క క్వార్టరు హన్నమ్మ సిస్టరుతో గోడ దగ్గర గంటల తరబడి గుసగుసలు. నేను వెళ్తే ఇద్దరూ ఆకాశం కేసి చూస్తారు. నిన్నయితే సూది మందు వేయిస్తామని భీమారావుని ఆటోలో ఎక్కించుకుని శంకర్ నగర్ పోయారు. ఒక్క సూదికి మూడు గంటలా? వచ్చాక చేయి చూపించమంటే నా కొడుకు మొహం తిప్పుకున్నాడు.

సూది గుచ్చిన మచ్చ లేదు. నిద్రలో ఉండగా రెండు చేతులూ చూశాను.

*

భ్రమరాంబ బకెట్టు పట్టుకుని కొళాయికి వెళ్లింది. నేను గదిలోకి వెళ్లి ఆమె రేకు పెట్టె జరిపాను. వెనక గోడకి ఆనించి, చీరలో చుట్టి, గోధుమ రంగు పెద్ద కవరు.

దొంగతనమే. నా ఇంట్లో నేనే దొంగతనం చేశాను. అయినా కవరు విప్పడం మానలేదు.

నల్లటి ఫిలిము. కిటికీకి అడ్డం పెట్టి చూశాను. పక్కటెముకలు చేప ముళ్లలా కనిపించాయి. నడుము ఎముక. దాని పక్కన ఎడమవైపు పొడుగ్గా తెల్లటి గీత, పై నుంచి కిందికి. పై కొస వంకీ తిరిగి ఉంది. కింది కొస కూడా వంకీ తిరిగి ఉంది. వంకీల దగ్గర మసక మసకగా తెల్లటి మచ్చలు, సున్నం పట్టినట్టు.

మనిషి ఒంట్లో ఉండే వస్తువు కాదది. నేను నాలుగో తరగతే చదివాను గాని ఆ మాత్రం తెలుసు.

"ఒలమ్మో! నా కొడుకు కడుపులోన తీగ మరిచిపోయి కుట్టీసారే!"

గుమ్మంలో బకెట్టు దబ్బున దిగింది. నీళ్లు నా పాదాల దాకా వచ్చాయి.

"నా పెట్టె ఎందుకు తీసినావు?"

"ముందు ఇదేటో చెప్పు! నిన్న సూదని చెప్పి ఫోటో తీయించినావా? నాకు ఎందుకు చెప్పనేదు?"

"నీకు చెప్తే ఏటవుతాది?" భ్రమరాంబ గొంతు పెంచడం ఆ ఇంట్లో అదే మొదటిసారి. "నీకు ముందే తెల్సు అనుకున్నాను."

"నాకా?"

"నీకే! ఆసుపత్రిలో ఇరవై రోజులు మంచం పక్కన కూకున్నది ఎవరు? నువ్వు! నాను పెళ్లాన్ని. నన్ను గేటు దాకా కూడా రానిచ్చినావా? కార్డు మీద ఉన్నోడికి పెళ్లి కానేదు, నువ్వొచ్చి కూకుంటే పేరు బయట పడిపోతాది అన్నావు. బీర్‌గావ్‌లోన గోడలు చూస్తా కూకున్నాను. డాక్టరు ఏటన్నాడో, లోపల ఏటి పెట్టాడో నాకెలా తెలుస్తాది? నీకు తెల్దంటే నమ్మమంటావా?"

నేను ఆమెను చూసిన చూపుతోనే ఆమె నన్ను చూస్తోంది. ఇన్నాళ్లూ ఆ చూపు నా ఒక్కదానిదే అనుకున్నాను.

*

మా కేకలకి హన్నమ్మ సిస్టరు వచ్చింది. కాకినాడ మనిషి. ముప్పై ఏళ్లు నర్సు పని చేసి రెండేళ్ల కిందట మానింది. కొడుకు ఐజాక్ మా వర్క్‌షాపులోనే గుమస్తా. ఆమె నా చేతిలోంచి ఫిలిము తీసుకుని, మడత పడలేదు కదా అని చూసి, కవర్లో పెట్టింది.

"తీగ కాదు వదినగారూ. పల్చటి గొట్టం. కోత మానేదాకా మూత్రం సాఫీగా దిగాలని కిడ్నీ నుంచి కిందకి వేస్తారు. జారిపోకుండా రెండు కొసలూ అలా వంకీలు తిరిగి ఉంటాయి. ఎవరూ మరిచిపోయింది కాదు, కావాలని పెట్టిందే."

"అమ్మయ్య," అన్నాను.

"అమ్మయ్య అనకండి. ఆరు వారాలకి తీసెయ్యాలి దాన్ని. కొయ్యక్కర్లేదు, కింద నుంచే లాగేస్తారు. ఇప్పుడు ఆరు నెలలైంది. చూశారుగా, దాని చుట్టూ మళ్లీ రాయి కడుతోంది. చీము పట్టి ఉంటుంది, అందుకే ఈ వణుకు. ఇంకా ఆలస్యమైతే ఆ కిడ్నీ దక్కదు. ఒళ్లంతా విషం ఎక్కితే, మరి..."

ఆమె ఆపేసింది. ఆపిన చోటు నుంచి నా మనసు తనంతట తాను శ్మశానం దాకా వెళ్లి వచ్చింది.

"పెద్దాసుపత్రిలో నేను ఎరిగిన డాక్టరున్నారు. ఈ రోజు నాలుగింటిదాకా ఉంటారు. తీసుకెళ్దాం. కానీ ఆయన మొట్టమొదట అడిగేది ఆపరేషన్ కాగితం. లోపల ఎక్కడ కోశారు, ఎలా కుట్టారు, గొట్టం ఎప్పుడు వేశారు అన్నీ అందులో ఉంటాయి. అది లేకుండా ఇంత రాయి పట్టిన గొట్టాన్ని లాగితే లోపల తెగుతుంది. ఆయన ముట్టుకోరు. డిశ్చార్జి కాగితాలు ఏవండీ?"

భ్రమరాంబ నాకేసి చూసింది. నేను గోడ మీద కేలండరుకేసి చూశాను.

"ఎక్కడో పెట్టాం. దొరకాలి."

"వదినగారూ, ముప్పై ఏళ్లు వార్డులో తిరిగాను. ఎక్కడో పెట్టిన కాగితానికి, దాచిన కాగితానికి తేడా నాకు తెలీదా?"

చివరికి భ్రమరాంబే చెప్పింది. నేను ఆపలేదు.

రాయి పోటుకి భీమారావు నేల మీద దొర్లుతున్న రోజులవి. వాడిది ఠేకేదారు కింద కాంట్రాక్టు పని, వైద్యం మాట లేదు. చిన్నవాడు మల్లేశ్వరరావు రెండేళ్ల కిందట వర్క్‌షాపులో ఖలాసీగా, అంటే హెల్పరుగా, ఎక్కాడు. వాడికి రైల్వే మెడికల్ కార్డుంది. కార్డు మీద ఫోటో పదిహేడేళ్లప్పటిది, రబ్బరు స్టాంపు సగం మొహం మీద పడింది. ఇద్దరిదీ ఒకటే ముక్కు, ఒకటే నుదురు. ఆ ఆలోచన నాది. నేనే అన్నాను. మల్లేసు ఒంట్లో బాగాలేదని సిక్కు సెలవు రాయించుకున్నాడు. వాడి కార్డుతో, వాడి పేరుతో, భీమారావు రెండు గంటల రైలు దూరంలో ఉన్న రైల్వే ఆసుపత్రిలో చేరాడు. అన్న పని పోకుండా ఆ ఇరవై రోజులూ మల్లేసు బీర్‌గావ్ వెళ్లి అన్న షిఫ్టు చేశాడు. ఠేకేదారుకి చేతులుంటే చాలు, అవి ఎవరివని అడగడు.

హన్నమ్మ ముక్కు మీద వేలేసుకుంది. "దేవా! ఒకరి ఒంటికి ఇంకొకరి పేరా? రక్తం ఎక్కించాల్సి వచ్చి ఉంటే?"

"ఎక్కించనేదు కదా సిస్టరమ్మా," అన్నాను.

"ఎక్కించలేదు కాబట్టి మాట్లాడుతున్నారు. ఇంతకీ కాగితాలు?"

"మల్లేసు దగ్గర. మళ్లీ డ్యూటీలో చేరాలంటే ఫిట్టు సర్టిఫికెట్టు కావాలి కదా. వర్క్‌షాపు డాక్టరుకి చూపించాలని వాడే పట్టుకుపోయాడు."

"చూపించాడా?"

నడుముకి కట్టు చుట్టుకుని వెళ్లాడు మల్లేసు. నేనే చుట్టాను, పాత పంచె చింపి. డాక్టరు చొక్కా ఎత్తించి కట్టు చూసి, విప్పకుండానే సంతకం పెట్టాడని వచ్చి నవ్వుతూ చెప్పాడు. నేనూ నవ్వాను.

*

పన్నెండింటికి వర్క్‌షాపు సైరన్ మోగింది. పావుగంటకి రెండు సైకిళ్లు గుమ్మం ముందు ఆగాయి. ముందు మా ఆయన వెంకటస్వామి, ఆయన వెనక మల్లేసు. తండ్రీ కొడుకులు ఒకే షాపులో పని. ఇద్దరూ భోజనానికి ఇంటికే వస్తారు.

మా ఆయన కాళ్లు కడుక్కుని, ఎవరికేసీ చూడకుండా పీట మీద కూర్చున్నాడు. ఆయన ఎప్పుడూ అంతే. వాక్యూమ్ బ్రేకు పైపులు చెవి దగ్గర పెట్టుకుని, గాలి ఎక్కడ కారుతోందో వింటాడట. ఇంట్లో మాటలు మాత్రం వినపడవు.

"మల్లేసూ, అన్న ఆపరేషన్ కాగితాలేవిరా?"

"ఏటమ్మా ఇప్పుడు?"

"కావాలి."

"డాక్టరుకి ఇచ్చీసాను కాదేటి. ఫైల్లో పెట్టుకున్నాడు."

"అన్నీనా?"

"అన్నీ."

ముద్ద నోట్లో పెట్టుకోకముందే వాడు నీళ్ల చెంబెత్తి గటగటా తాగాడు. చిన్నప్పుడు అబద్ధం చెప్పినా ఇలాగే దాహం వేసేది వాడికి.

భ్రమరాంబ వడ్డించడం ఆపి ఎదురుగా నిలబడింది. "మల్లేసూ, ఫిట్టు రాయాలంటే డాక్టరు కాగితం చదవాలి కదా. గొట్టం లోపల ఉన్నాదని చదివుంటే ఫిట్టు రాస్తాడేటి?"

"ఏం గొట్టం?"

ఆమె కవరు తెరిచి ఫిలిము వాడి కంచం ముందు పెట్టింది. వాడు చూడలేదు. ఏమిటిది అని కూడా అడగలేదు. తెలియనివాడయితే చూసి ఉండేవాడు.

"నీకు తెల్సు," అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. "మల్లేసూ, నీకు తెల్సురా."

"రెండు పేజీలమ్మా." వాడు చేయి కంచంలోనే ఉంచాడు. "మొదటి దాంట్లో రాయి తీసినట్టు ఉంది, అది చూపించాను. రెండో దాంట్లోన ఎక్కడ కోసారో ఎలా కుట్టారో, గొట్టం ఉన్నాదని, ఆరు వారాలకి రమ్మని, మూడు నెలలు బరువు పని వద్దని, మెడికల్ బోర్డుకి పంపాలని ఉంది. అది చూపిస్తే ఏటవుతాది? నన్ను పక్కన కూకోబెడతారు. ఫిట్టరు ప్రమోషను పరీక్షకి పేరు కొట్టీస్తారు. బోర్డులో కట్టు విప్పమంటారు. విప్పితే ఏటుంది నాకు? కోత ఉందా?"

"డాక్టరుకి చూపించకపోతే పోనీ. నాకు చెప్పకూడదేటి? మీ అన్నకి చెప్పకూడదేటి?"

"చెప్దామనే అనుకున్నాను."

"ఆరు నెలలు అనుకున్నావా?" భ్రమరాంబ నవ్వింది. ఆ నవ్వు వినలేకపోయాను. "ఆయన నెత్తురు పోస్తా ఉంటే నాను మందార పూలు నూరి పోసాను. మీ అమ్మ నా చారులో వేలు పెట్టి చూసింది. నువ్వు ఆదివారం ఆదివారం వచ్చి, ఎలగున్నావన్నా అని అడిగి, చాయ్ తాగి ఎల్లిపోనావు. వాహ్ మల్లేసూ, వాహ్."

"నా ఒక్కడి పాపమా వదినా? కాగితం పట్టుకుని అడగాల్సినోణ్ని అడిగాను."

"ఎవర్ని?"

వాడి కళ్లు పక్క పీట మీదికి పోయాయి.

మా ఆయన అన్నం కలుపుతున్నాడు. కలిపిందే మళ్లీ కలుపుతున్నాడు. ఆ వేళ్లు ఆగేదాకా మేమంతా వాటినే చూశాం.

"నానే చెప్పొద్దన్నాను," అన్నాడు.

*

హన్నమ్మ సిస్టరు గుమ్మం బయటికి జరిగి నిలబడింది.

"ఆరు వారాలకి మళ్లీ ఎల్లాలంటే మళ్లీ ఈడు సిక్కు రాయించాలి," అన్నాడు మా ఆయన, కంచంతో చెబుతున్నట్టు. "ఒకపాలి దాటినాం. రెండోపాలి దొరికితే ఈడి నౌకరీ పోతాది. నాకు పద్దెనిమిది నెలలున్నాది రిటైరుకి, నన్నూ తీసీస్తారు. ఈ క్వార్టరు పోతాది. ఎక్కడుంటాం మనం?"

"అందుకని కొడుకు కడుపులోన..."

"గొట్టమే కదా అనుకున్నానే! రబ్బరే కదా! నా సర్వీసంతా గొట్టాలతోనే. వ్యాగన్ కింద పైపు ఏస్తే ఎండలోన వానలోన నాలుగేళ్లు పడుంటాది. కారితే మారుస్తాం, కారకపోతే ముట్టుకోం. మడిసి లోపల నీడనే ఉంది కదా, ఏటవుతాది, ఈడు ఫిట్టరు అయిపోనాక నెమ్మదిగా తీయిద్దాం అనుకున్నాను. మడిసి లోపల గొట్టానికి రాయి పడతాదని నాకెవడు చెప్పాడు?"

ముప్పై ఆరేళ్లు పని చేసిన మనిషి అలా అన్నాడు. కోపం రావాలి. వచ్చింది కూడా, కానీ సగం దారిలో వెనక్కి తిరిగి నా మీదికే వచ్చింది. పేరు మార్చమన్నది ఎవరు? పంచె చింపి కట్టు చుట్టింది ఎవరు?

"కాగితం ఉందా, చింపీసావా?"

ఆయన లేచి, ఎంగిలి చేత్తోనే, గోడ మీది తన గడ్డం గీసుకునే పెట్టె తీశాడు. అద్దం వెనక నుంచి నాలుగు మడతల కాగితం ఒకటి తీసి నా ముందు పెట్టాడు. మడతల దగ్గర సబ్బు మరకలు. పైన ఇంగ్లీషులో పేరు. చదవలేను గాని, ఆ పేరు ఎవరిదో నాకు తెలుసు.

మల్లేసు లేచాడు. "అమ్మా, ఒక మాట. పై ముక్క చింపీసి తీసుకెళ్లు. పేరున్న ముక్క."

"పేరు చింపిన కాగితాన్ని ఏ డాక్టరూ నమ్మడు బాబూ," అంది హన్నమ్మ బయట నుంచి. "ఇది ఎవరి కాగితమో నాకేం తెలుసు అంటాడు."

"అయితే మళ్లీ నా కార్డు మీదే చేరుద్దాం. ఇప్పుడే సిక్కు రాయిస్తాను. మళ్లీ అన్నే నానవుతాడు..."

"నాను అవ్వను."

లోపలి గది తలుపు పట్టుకుని భీమారావు నిలబడి ఉన్నాడు. దుప్పటి భుజాల మీద నుంచి జారిపోతోంది. చలి వదిలి చెమట పట్టింది, మొహం పసుపు నీళ్లలో ముంచినట్టుంది. ఎప్పటి నుంచి వింటున్నాడో.

"ఇరవై రోజులు నీ పేరుకి పలికాను తమ్ముడూ. రాత్రి సిస్టరు మల్లేశ్వర్ అని పిలిస్తే నిద్దట్లో లేచేవాణ్ని కాను. అమ్మ తొడ మీద గిల్లేది. రౌండుకి డాక్టరొస్తే అమ్మని బయటికి పొమ్మనేవారు. నాను కళ్లు మూసీసుకునేవాణ్ని. ఏదైనా అడిగితే తప్పు చెప్పీస్తానని భయం. గొట్టం సంగతి నాకు చెప్పే ఉంటాడు. మల్లేశ్వరరావుకి చెప్తున్నాడు కదా, నాకెందుకులే అని నాను విననేదు."

"అన్నా..."

"మత్తు ఇచ్చేముందు నామ్ క్యా హై, నీ పేరేటి అన్నారు. నా పేరు నానే మింగి, నీ పేరు చెప్పి పడుకున్నాను. మళ్లీ లేవకపోతే కాగితాల్లోన పోయేది నువ్వు, నాను కాదు. మా భ్రమరని ఎవడి పెళ్లాం అని రాస్తారు?" వాడికి ఊపిరి అందలేదు. భ్రమరాంబ వెళ్లి పట్టుకుంది. "ఈసారి నా పేరే. బతికినా నా పేరు మీదే, చచ్చినా నా పేరు మీదే. ఎవడి నౌకరీ పోయినా సరే."

ఎవడి నౌకరీ పోయినా సరే అన్నప్పుడు వాడు తమ్ముడి మొహం చూడలేదు.

నేను కాగితం కవర్లో ఫిలిము పక్కన పెట్టాను. ఫిలిము మీద ఒక కొడుకు పేరు, కాగితం మీద ఇంకో కొడుకు పేరు. ఒకదాన్ని ఒకటి పట్టించే రెండు ముక్కల్ని ఒకే సంచీలో వేసి నేనే మోసుకు వెళ్తున్నాను.

మల్లేసు గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు. "అమ్మా, ఆ కాగితం చూసి డాక్టరు రైల్వేకి రాస్తే?"

"జరగరా."

"నాకు ఇరవై నాలుగేళ్లే. ఇంకో నౌకరీ ఎవడిస్తాడు నాకు?"

"జరగరా నాయనా."

వాడు జరగలేదు. మా ఆయనే లేచి వచ్చి, కొడుకు భుజం మీద చేయి వేసి పక్కకి తీశాడు. ఆ చేయి కోపంగా వేసిందో ప్రేమగా వేసిందో ఇప్పటికీ నాకు తెలియదు. అప్పుడే రెండో సైరన్ మోగింది. మల్లేసు సైకిలెక్కి వెనక్కి చూడకుండా పోయాడు. వర్క్‌షాపు దారి కాకుండా పక్క సందులోకి తిరగడం నేను చూశాను.

ఎక్కడికి పోతున్నాడు? ఎవరికి చెప్పడానికి పోతున్నాడు? కన్నకొడుకు గురించి అలా అనుకున్నాను.

*

పెద్దాసుపత్రిలో డాక్టరు గది ముందు బల్ల మీద భీమారావుని పడుకోబెట్టాం. మా వంతు వచ్చేసరికి మూడున్నర. భ్రమరాంబ, నేను చెరో పక్కా పట్టుకుని లోపలికి తీసుకెళ్లి అక్కడి బల్ల మీద పడుకోబెట్టాం. హన్నమ్మ సిస్టరు డాక్టరుకి నమస్కారం పెట్టింది. ఆయన ఆమెను గుర్తుపట్టి నవ్వాడు. మా ఆయన గుమ్మం బయటే ఉండిపోయాడు.

డాక్టరు ఫిలిముని లైటు మీద పెట్టాడు. నవ్వు పోయింది. దగ్గరికి జరిగి చూశాడు. భీమారావు నడుము మీద వేలితో నొక్కాడు. వాడు పళ్లు బిగబట్టాడు.

"ఆజ్ హీ భర్తీ కరో," అన్నాడు. ఈ రోజే చేర్చండి. "రేపటికైతే ఈ కిడ్నీకి నేను మాట ఇవ్వలేను. పహలే కా ఆపరేషన్ కాగజ్?"

నేను సంచీలోంచి కాగితం తీశాను. అది నా వేళ్లను వదలడానికి కొంచెం సేపు పట్టింది. లేదా నా వేళ్లే దాన్ని వదల్లేదు.

ఆయన చదువుతున్నాడు. తల ఊపుతున్నాడు. కోత ఎక్కడ, కుట్లు ఎక్కడ, అన్నీ దొరికినట్టున్నాయి. కింద దాకా చదివి తారీకు చూసి, నాలుక చప్పరించి, ఏదో రాసుకోవడానికి కాగితం పై భాగానికి వచ్చాడు. అక్కడ ఆగిపోయాడు.

లైటు మీద ఉన్న ఫిలిము కొసకి వంగి అక్కడి పేరు చదివాడు. మళ్లీ కాగితం చూశాడు. బల్ల మీద ఉన్న నా కొడుకుని చూశాడు.

"ఇక్కడ భీమారావు. ఇక్కడ మల్లేశ్వరరావు, రైల్వే కర్మచారి." ఆయన గొంతులో ఇందాకటి మెత్తదనం లేదు. "యే మల్లేశ్వరరావు కౌన్ హై? ఎవరీ మల్లేశ్వరరావు?"

హన్నమ్మ తల దించుకుంది. భ్రమరాంబ మొగుడి చేయి పట్టుకుంది. ఈ జవాబు నాదే, ఈ అబద్ధం మొదలుపెట్టింది నేనే కాబట్టి. దారి పొడుగునా కూడబలుక్కున్న మాటలు నోటి దాకా వచ్చాయి.

నేను చెప్పేలోగా భీమారావు మోచేతి మీద లేచాడు. ఇంటి దగ్గర అంత గట్టిగా చెప్పినవాడు, తన పేరు మీదే చస్తానన్నవాడు, డాక్టరు కళ్లలోకి చూస్తూ నోరు తెరిచాడు. అదే క్షణంలో నా వెనక తలుపు భళ్లున తెరుచుకుంది. సైకిలు తొక్కి తొక్కి రొప్పుతూ, నీలం డ్యూటీ చొక్కాతోనే మల్లేసు లోపలికి వచ్చాడు. చేతిలో తన మెడికల్ కార్డు.

"మై హూ సాబ్," నేనేనంటూ పలికాయి ఇద్దరి గొంతులూ.

డాక్టరు కలం మూత పెట్టేశాడు. అన్నని చూశాడు, తమ్ముణ్ని చూశాడు. తర్వాత, ఇద్దర్నీ వదిలేసి, నాకేసి తిరిగాడు.

"మా జీ, ఆప్ బతాయియే. అమ్మా, మీరు చెప్పండి, వీళ్లిద్దరిలో అబద్ధం ఎవరిది?"